పున్నమికి అడిగిన సెలవు

కువైట్ నుంచి వచ్చి నెల దాటింది. అక్కడ ఏం చూశానని ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు. రాజంపేట డిపో ఎదురుగా టీ అంగడి దగ్గర రోజూ పొద్దున కూర్చునే మా రిటైరయినవాళ్ళు అడిగినవి మూడే: సెంటు సీసా తెచ్చావా, ఖర్జూరాలు తెచ్చావా, బంగారం అక్కడ నిజంగా చవకేనా. "అక్కడ రాములవారి కల్యాణానికి పోయినాను" అని రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి ఎవరికో బస్సొచ్చింది. రెండోసారి ఒకాయన "కువైట్‌లో రాములవారేందిలే" అని నవ్వి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయను గాని మరచిపోను. ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసినవాణ్ణి. టికెట్టు తీసుకోకుండా దిగిపోయిన ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. చెబితే వినేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను.

నేను పోయింది ఊరు చూడటానికి కాదు, నా చెల్లెలు నాగరత్న కోసం. పద్నాలుగేళ్ళుగా ఆమె సబా అల్ సలేం అనే చోట ఒక ఇంట్లో పనిచేస్తోంది. మూడేళ్ళకోసారి ఊరికొస్తుంది. అదీ యజమానులు ఎండలకు తట్టుకోలేక వేరే దేశం పోయే జూలైలోనే. మా ఊరు ఒంటిమిట్ట పక్కనే. చిన్నప్పుడు ఏటా కల్యాణానికి నడిచిపోయేవాళ్ళం. కువైట్ పోయినప్పటి నుంచి ఆమె ఒక్క కల్యాణమూ చూడలేదు.

నా కూతురు వాణి, అల్లుడు ప్రతాప్ కూడా అక్కడే, హవల్లీలో ఉంటారు. వాళ్ళు నాకు విజిట్ వీసా తీశారని తెలియగానే రత్న ఫోన్‌లో ఒకటే అడిగింది.

"అన్నా, ఈడ మనోళ్ళు హాలు తీసుకోని కల్యాణం చేస్తారంట. నువ్వొచ్చినప్పుడు ఇద్దరం పోదాం. ఏ పొద్దో చెప్పు, సెలవడుగుతా."

"పున్నమికి. ఇంకెప్పుడు?" అన్నాను.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మిగతా ఊళ్ళలో శ్రీరామనవమి నాడు పట్టపగలే సీతారాముల పెళ్ళి అయిపోతుంది. ఒంటిమిట్టలో అలా కాదు. నవమికి పానకం, పున్నమి వెన్నెల్లో పెళ్ళి. పుట్టినప్పటి నుంచి మాకు అదే లెక్క.

అయినా నోటికొచ్చింది అనేసి ఊరుకోలేదు. అక్కడి తెలుగు సంఘం కార్యదర్శి నంబరు అల్లుడి దగ్గర తీసుకుని, తేదీ ఖాయమేనా అని మూడు మెసేజీలు పెట్టాను. మూడింటికీ నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. కాదని చెప్పలేదు కాబట్టి అవుననే అనుకున్నాను.

నాలుగు రోజులకు రత్న మళ్ళీ ఫోన్ చేసింది. "మామా ఒప్పుకునిందన్నా!" అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అంటారు. మొదట్లో రత్న "మామా తిట్టింది" అంటే, మామ తిట్టాడు అనాలి కదా, పోయిన చోట తెలుగు మరచిపోయిందేమిటి అనుకునేవాణ్ణి. "పున్నమి పొద్దు మామా ఒక్కపొద్దు ఉంటుందన్నా. వాళ్ళకు నెలలో నడిమి మూడు దినాలు అట్ల. మధ్యాన్నం వంట ఉండదు. తొమ్మిదికి పోయి మూడింటికి వచ్చేయమనింది. పద్నాలుగేండ్లలో ఇంత సెలవు నాకు ఇదే."

ఆ గొంతులో సంతోషం విని, నేనే దగ్గరుండి ఏదో సాధించినట్టు ఫోన్ పెట్టేశాను.

హవల్లీ

సోమవారం దిగాను. అల్లుడు విమానాశ్రయానికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ట్రాఫిక్ అన్నాడు. ట్రాఫిక్ నాకు చెప్పొద్దని నేనూ అన్నాను.

హవల్లీ అంటే కింద సెల్‌ఫోన్లు, టీవీల అంగళ్ళు, పైన కాపురాలు. వాణి వాళ్ళది అయిదో అంతస్తు. అక్కడి ఎనిమిది గుమ్మాల ముందూ చెప్పులుంటాయి, ఏ గుమ్మంలోనూ మనిషి ఉండడు. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఏసీ హోరు. మలయాళీ కుర్రాళ్ళ కెఫెటేరియాలో టీ నూట యాభై ఫిల్సు. మన నలభై రూపాయలు. "నాన్నా, మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఈడ నీళ్ళు కూడా తాగలేవు" అంది వాణి. నిజంగానే ఆ పూట తాగలేదు. నాకు నచ్చింది ఒక్కటే, వీధి చివర బట్టీలో కాలే ఖుబ్జ్ అనే రొట్టె. మనవాళ్ళు కుబూస్ అంటారు. పేపర్లో చుట్టి ఇస్తే ఇంటికొచ్చేదాకా చెయ్యి కాలుతూనే ఉంటుంది.

బుధవారం నవమి. వాణి పానకం, వడపప్పు చేసింది. కిటికీలోంచి చూస్తే కింద అంతా ఎప్పటిలాగే తిరుగుతున్నారు. ఎక్కడా పందిరి లేదు, మైకు లేదు. మనసు ఉసూరుమంది. కనీసం హారతైనా ఘనంగా ఇద్దామని నాలుగు బిళ్ళల కర్పూరం ఒకేసారి వెలిగించాను. పైకప్పులో పెట్టిన యంత్రం ఒకటి కుయ్యోమని మొత్తుకుంది. ఎనిమిది గుమ్మాలూ తెరుచుకున్నాయి. బిల్డింగు కాపలాదారు, ఈజిప్టువాడు, అయిదంతస్తులు ఎక్కి వచ్చి గాలి వాసన చూశాడు.

"బుఖూర్?" అన్నాడు. అంటే వాళ్ళ సాంబ్రాణి.

"బుఖూరే, బుఖూరే" అంది వాణి.

"తక్కువ వెయ్యండి" అన్నట్టు రెండు వేళ్ళు దగ్గర చేసి చూపించి దిగిపోయాడు. నా వయసుకు ఒక కాపలాదారు చేత చెప్పించుకున్నాను. సరే, పున్నమికి చూద్దాంలే అనుకున్నాను.

షువైఖ్

గురువారం మధ్యాహ్నం అల్లుడి కారులో ఏసీ ఆగిపోయింది. షువైఖ్ అనే చోట గరాజులు వీధులకు వీధులే ఉన్నాయి. నేలంతా నూనె. నీడ ఉన్న ప్రతి అడుగులోనూ ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. మా కారు పట్టుకున్న మెకానిక్ యాభై ఏళ్ళ మనిషి, నా ముఖం వైపే చూస్తున్నాడు.

"మీరు రాయచోటి డిపోలో కండక్టరుగా చేసినారు కదా సార్?" అన్నాడు తెలుగులో.

రాజంపేటకు మారకముందు అక్కడ ఆరేళ్ళు చేశాను. అవునన్నాను. నా పేరు గుర్తుపెట్టుకున్నవాడు పరాయి దేశంలో దొరికాడని ఛాతీ కొంచెం పొంగింది.

"నేను ఖాదర్ బాషా. నన్ను మీరు గువ్వలచెరువు కాడ బస్సు దింపేసినారు. నూరు నోటిచ్చినా అని."

"చిల్లర లేకుంటే ఎవరినైనా దించుతా."

"ఆ పొద్దు పాస్‌పోర్టు పని మీద కడపకు పోతాంటి సార్. ఎర్రటెండలో నడిచినా. నా తర్వాత ఎక్కినోడు కూడా నూరే ఇచ్చినాడు. వాన్ని దించలా."

ఇన్నేళ్ళు మోసిన మాటను అతను నవ్వుతూనే చెప్పాడు గాని, స్పానరు మాత్రం తిప్పడం ఆపాడు. నాలాగే మరచిపోనివాడు ఒకడు ఈ లోకంలో ఉన్నాడు. అతని మీద గౌరవం కలిగింది. క్షమించమని అనలేదు. "ఎండలో నడిపించినాను, నిజమే" అన్నాను. దానికే అతను టీ తెప్పించాడు.

టీ తాగుతూ చూస్తే, పక్కన నిలబెట్టిన పికప్ బండిలో ఎర్ర మఖమల్ సింహాసనాలు రెండు, తాళ్ళతో కట్టి ఉన్నాయి.

"ఎవరి పెళ్ళి?" అన్నాను.

ఖాదర్ వింతగా చూశాడు. "అదేంది సార్, మీ రాములవారిదే. రేపు హవల్లీ స్కూల్లో. నేనే దించొచ్చేది."

"రేపా? పున్నమి మంగళవారం కదా!"

"పున్నమో అమాసో నాకు తెల్దు సార్. ఈడ ఏ పండగైనా జుమ్మాకే. మీ ఉగాదయినా, దీపావళయినా. సెలవున్న పొద్దే పండగ."

అల్లుడి వైపు చూశాను. అతను ఫోన్ తీసి, కిందికి కిందికి తోసి, నాకు చూపించాడు. పన్నెండు రోజుల కిందటి రంగు రంగుల పోస్టరు: శుక్రవారం, పది గంటలకు, సకుటుంబ సపరివారంగా.

"సంఘం వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టినా మామా" అన్నాడు మెల్లిగా. ఆ మాట కూడా నేను మరచిపోను.

రత్నకు ఫోన్ చేశాను. కల్యాణం రేపేనని చెప్పాను. వెనక గిన్నెల చప్పుడు వినిపించింది.

"శుక్రవారం ఎట్లయితాదన్నా? కొడుకులు, కూతుర్లు, మనవలు అందరూ ఈడికే వస్తారు. ముప్పై మందికి మజ్బూస్ అన్నం వండల్ల."

"నేనొచ్చి మీ మామాను అడుగుతా."

"వద్దన్నా, నీకు దండం పెడతా. ఉండే మంగళవారం కూడా పోతాది."

నేను ఒకసారి అనుకుంటే ఆగను. ఖాదర్ చేతులకంటిన నూనె కడుక్కున్నాడు. "యల్లా సార్, నాకు అరబ్బీ వచ్చు. పోదాం రండి" అన్నాడు.

సబా అల్ సలేం

విశాలమైన వీధి, ఎత్తు ప్రహరీలు, కార్లే తప్ప మనుషులు కనిపించరు. తలుపు తీసింది రత్న. నన్ను చూసి ఆమె ముఖంలో మొదట భయం కనిపించింది, తర్వాత నవ్వు. రెండేళ్ళ తర్వాత చూసుకుంటున్నాం, అయినా గుమ్మంలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికే వీలైంది.

మామా అంటే గయ్యాళి ఎవరో ఉంటుందనుకున్నాను. డెబ్బై దాటిన ముసలామె, మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని వచ్చి ముందు గదిలో కూర్చుంది. నన్ను కూర్చోమంది. ఖర్జూరాలు పెట్టించింది. ఏలకుల వాసన వేసే పలచని కాఫీ చిన్న గిన్నెలో పోయించింది. తాగగానే మళ్ళీ పోశారు, మళ్ళీ తాగాను. పోసింది వదిలేయడం మర్యాద కాదని తాగుతూనే ఉన్నాను. ఆరో గిన్నెకు రత్న నా చెవి దగ్గర, "గిన్నె అట్ల ఊపి ఇయ్యన్నా. లేకపోతే తెల్లార్లూ పోస్తానే ఉంటారు" అంది.

గిన్నె ఊపి, విషయం చెప్పాను. ఖాదర్ అరబ్బీలో వివరించాడు. మామా శ్రద్ధగా విని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, తాపీగా సమాధానం చెప్పింది.

"ఏమంటాంది?"

"శుక్రవారం కుదరదంటాంది సార్. పిల్లలొస్తారంట. కోపంగా కాదు, మంచిగానే చెప్తాంది. నెలవంక కాడి నుంచి పద్నాలుగో దినమని రత్నమ్మ అడిగింది, నేను మాటిచ్చినా, ఆ మాట మీదే ఉన్నానంటాంది." ఖాదర్ కొంచెం ఆగాడు. "ఇంకొకటి అడుగుతాంది. మీ దేవుడి పెండ్లి చంద్రుణ్ణి చూసి చేస్తారా, శుక్రవారాన్ని చూసి చేస్తారా అని."

ఎగతాళి కాదు. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"సంఘంవాళ్ళను అడిగి చెప్తానని చెప్పు" అన్నాను.

"ఇన్షాల్లా" అంది ఆమె. వచ్చే ఏడు రోజేదో ముందే చెబితే, పిల్లలను ఇంకో పూట రమ్మంటానని కూడా ఖాదర్‌తో చెప్పించింది. వీధి గేటు దాకా వచ్చిన రత్న, "వచ్చే ఏడన్నా పోతా. ఏ పొద్దో కనుక్కో అన్నా, ఆ మాట ఒక్కటి తెచ్చి ఇయ్యి" అంది.

స్కూలు హాలు

శుక్రవారం పొద్దున హాలు నిండింది. ఒప్పుకోవాలి, బాగా చేశారు. వేదికకు అరటి పిలకలు ఎక్కడి నుంచి తెచ్చారో తెచ్చారు. మల్లెపూలు విమానంలో వచ్చాయట, మూర ముప్పావు దినారు. పానకం కాగితపు గ్లాసుల్లో ఇచ్చారు, మిరియం ఘాటు సరిగ్గా సరిపోయింది. ఖాదర్ దించిన సింహాసనాల మీద ఉత్సవ విగ్రహాలు. నా పక్కన కూర్చున్న కాకినాడ ఆవిడ నేను అడగకుండానే నాకు విస్తరాకులో పులిహోర పెట్టి, "అబ్బాయి తరఫా, అమ్మాయి తరఫా అండీ?" అని అడిగింది. అక్కడ వచ్చినవాళ్ళు సగం రాముడి వైపు, సగం సీత వైపు కూర్చుంటారట. మా వైపు ఈ ఆచారం చూడలేదు. అమ్మాయి తరఫే అన్నాను.

కూర్చున్నాక చుట్టూ చూశాను. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు, పట్టు లంగాల్లో పిల్లలు. మా కడప వైపు నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు కదా ఈ దేశంలో, వాళ్ళు కనిపించలేదు. వెనక గోడ వారగా ముగ్గురు నిలబడి ఉన్నారు, అంతే.

యజ్ఞోపవీతం అయింది. ప్రవర చదివారు. అప్పుడు కార్యదర్శి నీళ్ళ క్యాన్ల దగ్గర కనిపించాడు. పట్టుపంచె, మెడలో కార్డు, చేతిలో మైకు, ముఖం నిండా చెమట. గోదావరి మనిషి. లేచి ఆయన దగ్గరికి పోయాను.

"రాజంపేట నుంచి మీకు మూడు మెసేజీలు పెట్టినాను."

"అలాగాండీ? చాలా సంతోషం. ప్రసాదం తీసుకున్నారా?"

"తేదీ ఎప్పుడని అడిగినాను. మీరు చెప్పలా."

"గ్రూపులో పెట్టేశాం కదండీ."

"నా చెల్లెలు మీ గ్రూపులో లేదు. ఆయమ్మ సెలవు అడగాలంటే నెల ముందు తెలియల్ల."

"అయ్యో, ఇళ్ళల్లో చేసేవాళ్ళకి సెలవులెక్కడ దొరుకుతాయండీ బాబూ. మేం మాత్రం ఏం చేస్తాం చెప్పండి?"

"దొరికింది! పున్నమికి దొరికింది! మీరు చేసింది శుక్రవారం!"

"హాలు శుక్రవారమే ఇస్తారండి. పైగా పున్నమికి కల్యాణం ఎక్కడైనా ఉందాండీ? విడ్డూరం కాకపోతే."

ఒంటిమిట్ట పేరు చెప్పాను. వివరించాను. గొంతు పెరిగింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, నేను తీసేశాను. "అయితే వచ్చే ఏడు ఎప్పుడు? అది చెప్పండి, పోతా" అన్నాను. ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి గట్టిమేళం మోగింది. కార్యదర్శి "జై శ్రీరామ్" అంటూ మైకు ఎత్తి వేదిక వైపు పరిగెత్తాడు.

తిరిగి చూసేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. నాకు కనిపించింది వీపులు, పైకెత్తిన సెల్‌ఫోన్లు, గాలిలో అక్షింతలు. అంతే.

మళ్ళీ ఆ స్కూలు గేటు దగ్గర

మంగళవారం తొమ్మిదిన్నరకు ఖాదర్ రత్నను వాణి ఇంటికి తీసుకొచ్చాడు. పైన తొడుక్కున్న నల్ల అబాయా కింద మామిడిపండు రంగు పట్టుచీర. గుచ్చాల్సిన చోటల్లా పిన్ను గుచ్చి, పెళ్ళికి పోయేదానిలా కట్టుకుంది. వాణి బొబ్బట్లు చేసింది, రెండు తిని మూడోది సంచిలో పెట్టుకుంది. టీవీలో పాత కల్యాణం ఏదైనా పెడతానంటే వద్దంది.

"జరిగిన స్థలమన్నా చూస్తా పా."

స్కూలు గేటు మూసి ఉంది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల. ఎండ అప్పటికే మండుతోంది. "స్టేజీ ఏ పక్క ఉండింది?" అని అడిగింది. చూపించాను. ఫుట్‌పాత్ మీద చెప్పులు విడిచి, ఆ గోడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. కాళ్ళు కాలుతుంటే ఒక కాలు మీద ఒక కాలు వేసుకుంటూ నిలబడింది.

కాపలాదారు బయటికొచ్చాడు. పిల్లకోసం వచ్చారా, ఏ క్లాసు అని హిందీలో అడిగాడు.

"పెండ్లికొచ్చినాం భయ్యా" అంది రత్న. "థోడా లేట్ హోగయా."

అతను గేటు పక్క గడియారం చూసి, మమ్మల్ని చూసి, ఏమీ అర్థం కాక లోపలికి పోయాడు. ఖాదర్ కారులో ముందుకు తిరిగి కూర్చున్నాడు. వెనక్కి చూడలేదు.

తిరిగి పోతున్నప్పుడు దారి పొడవునా చెప్పమని కూర్చుంది. చెప్పాను. అరటి పిలకలు, పానకం, కాకినాడ ఆవిడ, ప్రవర. మధ్యలో ఆపుతుంది. "సీతమ్మకు ఏం రంగు చీర? జడ వేసినారా? పంతులు మనోడా?" నాకు తెలిసినంత చెప్పాను.

"తాళి కట్టేటప్పుడు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"చెప్పన్నా. తాళి ఎత్తి చూపించినారా? మనూర్లో చూపిస్తారే, అందరికీ కనపడేటట్ల."

"చూడలేదు రత్నా."

"ఏం?"

"ఆ సెక్రటరీతో పోట్లాడతాంటి."

రత్న నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. "పద్నాలుగేండ్లుగా చూడందాన్ని నేను. ఎదురుగా కూర్చోని చూడనోడివి నువ్వు! చిన్నప్పుడూ అంతే గదా, చెరుకు బండోనితో కొట్లాడి తేరు పోగొట్టుకునింటివి." ఖాదర్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

సబా అల్ సలేం వీధి వచ్చింది. మూడుకు పది నిమిషాలు. ఆమె చీర కుచ్చిళ్ళు అబాయాలో దోపుకుని, పెదవుల మీద రంగు తుడుచుకుంది.

"పోనీలే. అంత పోట్లాడినావు కదా, ఏం చెప్పినాడు ఆయప్ప? వచ్చే ఏడు ఎప్పుడంట?"

"ప్రసాదం తీసుకోమన్నాడు."

తలుపు తీయబోయిన చెయ్యి ఆగింది. "మామా నాతో దినమూ అడుగుతాంది అన్నా. మీ అన్న కనుక్కున్యాడా అని. ఏం చెప్పేది?" అని, జవాబు కోసం ఒక్క క్షణం చూసి, దిగి లోపలికి పోయింది.

ఊరికి వచ్చాక నాలుగో మెసేజీ పెట్టాను, అయిదోదీ పెట్టాను. నీలం టిక్కులు పడుతూనే ఉన్నాయి. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. కార్యదర్శి గారూ, తప్పులో సగం నాది. కనుక్కోకుండా పున్నమి అని చెప్పింది నేనే. మిగతా సగం మీది. వచ్చే ఏడు కల్యాణం నవమికా, పున్నమికా, రెండింటికీ మధ్య వచ్చే శుక్రవారానికా? తేదీ తేలకపోతే అమావాస్య తర్వాత ఎన్నో రోజో చెప్పండి, చాలు. ఆ ముసలామె చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకుంటుంది. గ్రూపులో పెట్టామని మాత్రం అనవద్దు. నేను నిలబడి అడిగాను, మీరు నోరు తెరిచారు, గట్టిమేళం మోగింది. ఇప్పుడు ఏ మేళమూ మోగడం లేదు. చెప్పండి.